బుర్రిపాలెం రైతుబిడ్డ, కౌబాయ్ టోపీ

(పుప్పాలగూడ చదువుల కేంద్రంలో రాత్రి బడి అయ్యాక చదివి వినిపించిన ప్రసంగం)



పుప్పాలగూడకు నానక్‌రామ్‌గూడ ఎంత దూరం? ఎవరినడిగినా చెబుతారు. రెండూ ఇరుగు పొరుగు ఊళ్ళు. వెనకటికి ఇక్కడి గుట్ట మీద నిలబడితే అటు చూపు ఆనేది. ఇప్పుడు నడుమ అద్దాల మేడలు లేచాయి.

2022 నవంబరు 15. ఇంకా తెల్లవారలేదు. ఆ నానక్‌రామ్‌గూడ నుంచి ఒక వార్త బయలుదేరింది. పొద్దు పొడిచేసరికి రెండు తెలుగు రాష్ట్రాలకూ పాకింది. ముందు రోజు గుండె ఆగి ఆసుపత్రిలో చేరిన ఒక పెద్దాయన ఇక లేడని ఆ వార్త. ఆయన వయసు 79 ఏళ్ళు. పొద్దెక్కేకొద్దీ ఆయన ఇంటి ముందు జనం పెరిగారు. ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి వచ్చారు.

ఆయనే సినిమా హీరో కృష్ణ. పూర్తి పేరు ఘట్టమనేని శివరామకృష్ణమూర్తి. అభిమానులు ఆయనను సూపర్‌స్టార్ అన్నారు. ఇప్పటి పిల్లలకు ‘మహేష్‌బాబు నాన్న’ అంటే చప్పున తెలుస్తుంది.

ఆయన 340కి పైగా సినిమాల్లో నటించారు. అన్నీ చెప్పాలంటే ఈ రాత్రి చాలదు, రేపటి రాత్రీ చాలదు. అందుకని ఈ పూట ఆయన టోపీ ఒక్కటే పట్టుకుని కథ చెప్పుకుందాం. అది వెడల్పు అంచుల టోపీ. గుర్రం మీద కూర్చుని, నడుముకు తుపాకీ కట్టి, ఆయన పెట్టుకున్న టోపీ. ఆ వేషాన్ని కౌబాయ్ వేషం అంటారు. తెలుగు సినిమాలో ఆ వేషానికి పేరు తెచ్చింది ఆయనే.

డాన్సు రాని హీరో

కృష్ణ 1943 మే 31న పుట్టారు. ఊరు గుంటూరు జిల్లా తెనాలి దగ్గర బుర్రిపాలెం. తండ్రి రాఘవయ్య చౌదరి, తల్లి నాగరత్నమ్మ. వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆయన ఏలూరు కాలేజీలో డిగ్రీ చదువుతుండగా అక్కినేని నాగేశ్వరరావుకు అక్కడ సన్మానం జరిగింది. సినిమా నటుడి కోసం జనం విరగబడటం కుర్రవాడు కళ్ళారా చూశాడు. తనూ నటుడు కావాలని అప్పుడే అనుకున్నాడు.

అనుకుంటే అయిపోతుందా? అప్పట్లో తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసులోనే తయారయ్యేవి. మద్రాసు వెళ్తే, ‘ఇంకా చిన్నవాడివి, కొన్నాళ్ళు నాటకాలు వెయ్యి’ అన్నారు. నాటకాలు వేశాడు. 1962లో కులగోత్రాలు, పదండి ముందుకు అనే సినిమాల్లో చిన్న చిన్న వేషాలు దొరికాయి. కళ్ళు ఆర్పితే దాటిపోయే వేషాలు అవి.

తర్వాత ఆదుర్తి సుబ్బారావు అనే పెద్ద దర్శకుడు అందరూ కొత్తవాళ్ళతో ఒక సినిమా తీయాలనుకున్నారు. పేరు తేనెమనసులు. కృష్ణను తీసుకున్నారు. కొంత తీశాక ఆ ముక్కలు చూసిన డిస్ట్రిబ్యూటర్లు పెదవి విరిచారు. ‘ఈ అబ్బాయిని తీసెయ్యండి’ అన్నారు. ఆదుర్తి వినలేదు. కృష్ణకు డాన్సు రాదు, అది నిజమే. చివరిదాకా కూడా రాలేదు. ఆయన స్టెప్పులు చూసి అభిమానులే ముసిముసిగా నవ్వుకునేవారు. కానీ ఆ కుర్రవాడికి భయం లేదని ఆదుర్తి కనిపెట్టారు.

తేనెమనసులు 1965 మార్చి 31న వచ్చింది. అది పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి తెలుగు సాంఘిక సినిమా. అందులో స్కూటరు మీద తరుముకుంటూ పోయే సన్నివేశం ఉంది. దాన్ని కృష్ణ డూపు లేకుండా చేశారు. డూపు అంటే, దెబ్బలు తగిలే చోట హీరోకు బదులు దూకే మనిషి. తెర మీద హీరో పేరు ఉంటుంది, డూపు పేరు ఉండదు. కాళ్ళూ చేతులూ విరిగేది మాత్రం డూపుకే.

ఆ సన్నివేశం డూండీ అనే నిర్మాత కంట్లో పడింది. ఆయన కృష్ణను పెట్టి 1966లో గూఢచారి 116 తీశారు. ఇంగ్లీషు సినిమాల్లోని గూఢచారి తెలుగులో ఇలా ఉంటాడన్నమాట. జనం ఎగబడి చూశారు. కృష్ణ నిలబడ్డారు. మరుసటి ఏడాది బాపు తీసిన సాక్షిలో పల్లెటూరి అమాయకుడిగా వేసి మెప్పించారు. అందులో ఆయన పక్కన నటించిన విజయనిర్మల తర్వాత ఆయనకు భార్య అయ్యారు.

కౌబాయ్ అంటే ఎవడు?

మొన్న కేంద్రంలో ఒక అవ్వ అడిగింది: ‘కౌబాయ్ అంటే దొంగనా, పోలీసా?’

రెండూ కాదు. కౌ అంటే ఆవు. బాయ్ అంటే పిల్లగాడు. కౌబాయ్ అంటే గొడ్లు కాసే పిల్లగాడు. మన ఊళ్ళలో జీతగాడు ఉండేవాడే, అలాంటివాడే.

అమెరికాలో 1865లో అంతర్యుద్ధం అయిపోయింది. దక్షిణాన టెక్సాస్‌లో పశువులు లక్షలకొద్దీ ఉన్నాయి. కొనేవాళ్ళు ఉత్తరాన, తూర్పున పెద్ద పట్నాల్లో ఉన్నారు. రైలు టెక్సాస్ దాకా రాలేదు. 1867లో కాన్సాస్‌లోని అబిలీన్ అనే ఊళ్ళో పశువుల సంత పెట్టారు, ఎందుకంటే అక్కడికి రైలు వచ్చింది. అంతదాకా మందలను తోలుకుపోవాలి. నెలల తరబడి నడక. వేల తలల మంద. వెనక నడిచేవాడి నోట్లోకి, ముక్కులోకి దుమ్ము. ఆ దుమ్ముకే మెడలో రుమాలు. ఎండకూ వానకూ వెడల్పు టోపీ. కాలు రికాబులోంచి జారకుండా మడమ ఎత్తు బూట్లు. తప్పిపోయే కోడెను పట్టడానికి తాడు ఉచ్చు. వేషం అంటున్నామే, అవన్నీ పని సామాన్లే. తట్ట మోసే అక్క తల మీద చుట్టకుదురు పెట్టుకోదా? అలాగే.

ఆ కూలీల్లో నల్లజాతి వాళ్ళు చాలామంది. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవాళ్ళు. మెక్సికో వాళ్ళూ ఉన్నారు. తుపాకీ పేల్చడం కన్నా మంద బెదరకుండా రాత్రంతా మేలుకుని కాయడం వాళ్ళ పెద్ద పని. అది ఇరవై ఏళ్ళలో అయిపోయింది. రైలు అన్నిచోట్లకూ వచ్చింది. ముళ్ళ కంచె కూడా వచ్చింది. 1874లో ఒక రైతు మంచి ముళ్ళ తీగకు హక్కు పత్రం తీసుకున్నాడు. ఆ తర్వాత బీళ్ళన్నీ కంచెలే. మంద నడిచే దారి లేదు. గొడ్లు మేసిన చోట కంచె పడితే ఏమవుతుందో ఈ చుట్టుపక్కల పెద్దవాళ్ళకు ఒకరు చెప్పనక్కర లేదు.

పని పోయింది, సినిమా వచ్చింది. 1903లోనే అమెరికావాళ్ళు రైలు దోపిడీ మీద పన్నెండు నిమిషాల బొమ్మ తీశారు. ఆ తర్వాత వందలు, వేలు తీశారు. జీతగాడు కాస్తా తెర మీద వీరుడయ్యాడు. తుపాకీ పెరిగింది, గొడ్లు తగ్గాయి. ఆ భూములు అసలు ఎవరివో ఆ ఆదివాసులను మాత్రం ఎన్నో సినిమాల్లో విలన్లుగా చూపించారు. అది అన్యాయం. చూసేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి.

1964లో ఇటలీ దేశపు దర్శకుడు సెర్జియో లియోన్ ఒక కౌబాయ్ సినిమా తీశాడు. హీరో అమెరికావాడు, క్లింట్ ఈస్ట్‌వుడ్. అప్పటికి ఆయన టీవీ సీరియల్లో గొడ్లు తోలే వేషం వేస్తున్నాడు. ఆయనకు ఇచ్చింది 15 వేల డాలర్లు. అమెరికాలో తీస్తే ఖర్చు ఎక్కువ. అందుకని స్పెయిన్‌లో ఎడారి వెతికి అక్కడ తీశారు. ఇటలీవాళ్ళు సేమ్యా లాంటి స్పఘెట్టి తింటారు గనుక, వెటకారానికి వీటిని ‘స్పఘెట్టి వెస్టర్న్’ అన్నారు. వెటకారం చేసినవాళ్ళే తర్వాత టిక్కెట్లు కొన్నారు. అలా 1966 దాకా మూడు సినిమాలు వచ్చాయి. మూడూ ఆడాయి. మన దేశంలోనూ ఇంగ్లీషు రానివాళ్ళు సైతం చూశారు. గుర్రం పరుగెత్తడానికి భాష ఎందుకు?

ఇంకో చిత్రం. ఈస్ట్‌వుడ్ పుట్టింది 1930 మే 31న. కృష్ణ పుట్టినరోజు కూడా మే 31.

రెండోసారి డబ్బు పెట్టడం

చిట్టీ డబ్బుతో మేకలు కొన్నామనుకోండి. మేకలకు రోగం వచ్చి పోయాయి. మళ్ళీ డబ్బు పోగుచేసి మేకలే కొంటామా? చాలామందిమి కొనం.

కృష్ణ తన తమ్ముళ్ళు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలిసి సొంత సినిమా సంస్థ పెట్టారు. పేరు పద్మాలయా. మొదటి సినిమా అగ్నిపరీక్ష, 1970లో వచ్చింది. అది పోయింది. పోయింది ఊరివాళ్ళ డబ్బు కాదు, ఇంటి డబ్బు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఏడుపులు, పెళ్ళిళ్ళు ఉన్న కుటుంబ కథ తీసి గట్టెక్కుదామనుకుంటారు. అన్నదమ్ములు అలా చేయలేదు. గుర్రాలు, తుపాకులు, ఎడారి ఉన్న కథ తీస్తామన్నారు. మన దేశంలో అప్పటికి ఎవరూ అలాంటి సినిమా తీయలేదు.

కథ రాయడానికి ఆరుద్ర దగ్గరికి వెళ్ళారు. ఆరుద్ర ఎవరు? పెద్ద కవి. సమగ్ర ఆంధ్ర సాహిత్యం అని తెలుగు సాహిత్య చరిత్రను సంపుటాలకు సంపుటాలు రాసినాయన. అంత పండితుడు కౌబాయ్ కథ రాశాడా అని ముక్కున వేలేసుకోవద్దు, రాశారు. ఇక్కడే అసలు తెలివి ఉంది. అమెరికా టోపీని తెలుగు తలకు ఊరికే తగిలిస్తే నప్పదు. జనం ‘ఈ వేషగాడెవడు?’ అంటారు. అందుకని ఆరుద్ర కథను ఇంగ్లీషు దొరల కాలంలోకి తీసుకెళ్ళారు. ఒక తెలుగు సంస్థానం మీద దొరలు పడ్డారు. సంస్థానం వాళ్ళు నిధిని దాచారు. ఆ నిధి కోసం మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు, అటూ ఇటూ కానివాళ్ళు పరుగులు పెడతారు. నిధి కథలు మనకు కొత్తా? ప్రతి పాత కోట కిందా లంకెబిందెలు ఉన్నాయని చెప్పుకునే ఊళ్ళు మనవి.

పేరు మోసగాళ్ళకు మోసగాడు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. సంగీతం ఆదినారాయణరావు. హీరోయిన్ విజయనిర్మల. నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న అనే పాత్ర మాటకు ముందు నవ్వించేది, నవ్విస్తూనే గోతిలో దించేది. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల హీరో కన్నా నాగన్నే జ్ఞాపకం ఉంటాడు.

తెలుగు నేల మీద అంత ఎడారి ఎక్కడిది? సరంజామా అంతా కట్టుకుని రాజస్థాన్ వెళ్ళారు. అమెరికా కథను ఇటలీవాళ్ళు స్పెయిన్‌లో తీస్తే, ఆ దారిలో తెలుగువాళ్ళు తెలుగు కథను రాజస్థాన్‌లో తీశారు. ఇసుకలో గుర్రం తోలడం మాటలు కాదు. కాళ్ళు దిగబడతాయి. గుర్రం ఎటు మొరాయిస్తుందో తెలియదు. జీను మీద కూర్చున్నవాడు కళ్ళెం ఒక చేత్తో, తుపాకీ ఒక చేత్తో పట్టాలి. మొహం మాత్రం ఏమీ జరగనట్టు ఉండాలి. డాన్సు రాని మనిషికి ఇది వచ్చింది. అక్కడ స్టెప్పులు అక్కరలేదు. తొణకకుండా నిలబడితే చాలు.

1971 ఆగస్టు 27న సినిమా వచ్చింది. హాళ్ళు నిండాయి. పోయిన డబ్బు తిరిగి వచ్చింది, పేరు కూడా వచ్చింది. తమిళంలోకి మార్చారు. హిందీలోకి మార్చారు. ‘ట్రెజర్ హంట్’ అని పేరు పెట్టి ఇంగ్లీషులోకి మార్చి పరదేశాలకు పంపారు. ట్రెజర్ అంటే నిధి, హంట్ అంటే వేట. ఇంగ్లీషు సినిమా చూసి తీసిన తెలుగు సినిమా మళ్ళీ ఇంగ్లీషులో మాట్లాడింది!

ఇది దొంగతనం కాదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. అడగవలసిన మాటే. లియోన్ సినిమాల పోలికలు, మెకన్నాస్ గోల్డ్ పోలికలు అందులో ఉన్నాయి. కొన్ని సన్నివేశాలు చూస్తే వెంటనే తెలుస్తుంది. అయితే లియోన్ మొదటి సినిమా కూడా ఒక జపాన్ సినిమా చూసి తీసిందే. జపాన్‌వాళ్ళు దావా వేసి పరిహారం కూడా పుచ్చుకున్నారు. కథలు అప్పుతెచ్చుకున్న విత్తనాల్లాంటివి. ఏ చేలో చల్లాం, ఎట్లా పండించాం అన్నది చూడాలి. ఆరుద్ర, దాస్, కృష్ణ మంచి పంటే తీశారు. కలుపు ఉంది, అది వేరే మాట.

ఆ టోపీని 1990లో కొదమసింహం సినిమాలో చిరంజీవి పెట్టుకున్నారు. 2002లో టక్కరిదొంగలో కృష్ణ కొడుకు మహేష్‌బాబే పెట్టుకున్నారు.

లాభం, నష్టం

1972లో ఒక్క ఏడాదే కృష్ణవి 18 సినిమాలు వచ్చాయి. అంటే నెలకు ఒకటిన్నర. పొద్దున ఒక సినిమా, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఇంకొకటి. మన దగ్గర రెండు ఇళ్ళలో పనిచేసి సాయంత్రం మూడో ఇంటికి పోయే అక్కలకు ఆ బతుకు అర్థమవుతుంది. ఇన్ని చేస్తే అన్నీ బాగుంటాయా? ఉండవు. చాలా వాటిని ఇప్పుడు ఎవరూ తలచుకోరు. ఆ సంగతి దాచి పొగడటం ఎందుకు?

కానీ ఆయన గురించి సినిమావాళ్ళంతా ఒక మాట చెబుతారు. సినిమా పోయి నిర్మాత నష్టపోతే, ఆ నిర్మాతను పిలిచి ఇంకో సినిమా చేసిపెట్టేవారట. డబ్బు సంగతి తర్వాత చూద్దామనేవారట. సొంత డబ్బు ఒకసారి పోగొట్టుకున్న మనిషి గనుక పోయినవాడి కడుపుమంట ఆయనకు తెలిసి ఉంటుంది.

1974లో వందో సినిమాగా అల్లూరి సీతారామరాజు తీశారు. ఈసారి చేతిలో తుపాకీ లేదు, విల్లు ఉంది. తెలుగులో అది మొదటి సినిమాస్కోపు, అంటే వెడల్పు తెర సినిమా. విశాఖ మన్యంలో తీస్తుండగా మధ్యలోనే దర్శకుడు వి. రామచంద్రరావు చనిపోయారు. మిగతాది కృష్ణ దగ్గరుండి పూర్తిచేయించారు. దర్శకుడి పేరు మాత్రం ఆయనదే ఉంచారు. ఆ సినిమాలో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ బహుమతి వచ్చింది.

ఆ విజయం తర్వాత చిత్రంగా వరసపెట్టి సినిమాలు పోయాయి. సీతారామరాజును చూసిన కళ్ళకు మామూలు వేషాలు ఆనలేదంటారు. ఇక కృష్ణ పని అయిపోయిందని కూడా అన్నారు. 1976లో మళ్ళీ సొంత సంస్థే ఆదుకుంది. రైతుల కథతో పాడిపంటలు తీశారు. బుర్రిపాలెం మనిషికి ఆ కథ ఎవరూ నేర్పనక్కర లేదు.

తర్వాత పద్మాలయా స్టూడియో హైదరాబాదులో వెలిసింది. 1986లో సింహాసనం అనే సినిమాకు ఆయనే దర్శకత్వం వహించారు. తెలుగులో అదే మొదటి 70 ఎం.ఎం. సినిమా. 1989లో ఏలూరు నుంచి పార్లమెంటుకు గెలిచారు. సన్మానం చూసి నటుడు కావాలనుకున్న ఊరే అది. 1991లో అక్కడే ఓడిపోయారు. 2009లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

నానక్‌రామ్‌గూడ ఇల్లు

చివరి ఏళ్ళు ఆయన నానక్‌రామ్‌గూడలోనే గడిపారు. విజయనిర్మల తోడు ఉన్నారు. ఆవిడ కూడా తక్కువ మనిషి కాదు. ఆడవాళ్ళు దర్శకత్వం చేయడం అరుదైన రోజుల్లో 44 సినిమాలకు దర్శకత్వం చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఆవిడ గురించి ఇంకో రోజు చెప్పుకోవాలి. 2019 జూన్ 27న ఆవిడ పోయారు.

2022 ఆయనకు మంచి ఏడాది కాదు. జనవరిలో పెద్దకొడుకు రమేష్‌బాబు పోయారు. సెప్టెంబరులో మొదటి భార్య ఇందిరాదేవి పోయారు. నవంబరులో ఆయనే వెళ్ళిపోయారు. నవంబరు 16న పద్మాలయా స్టూడియోలో జనం చివరి చూపు చూశారు. ఆ సాయంత్రం జూబిలీహిల్స్ మహాప్రస్థానంలో ప్రభుత్వ లాంఛనాలతో దహనం జరిగింది.

2023 మే 31 ఆయన లేని మొదటి పుట్టినరోజు. ఆ రోజు మోసగాళ్ళకు మోసగాడు సినిమాను కొత్తగా శుభ్రంచేసిన ప్రింటుతో మళ్ళీ హాళ్ళలో వేశారు. యాభై రెండేళ్ళనాటి టోపీ, అదే గుర్రం, అదే ఇసుక.

ఆ పేరు ఇప్పుడు బోర్డు మీద రాసి ఉంది. ఎవరైనా లేచి చదవండి. ‘ళ’ కింద ‘ళ’ వత్తు దగ్గర తడబడితే కంగారు లేదు. అది కిందటి నెల నేర్చుకున్నదే.